రాళ్ళ మేడమ్ గెలిచిన హక్కు

ఆవిడకూ అందరిలాగే ఒక పేరుండేది. కానీ యూనివర్సిటీలో జీతాల సెక్షన్ వాళ్ళు తప్ప దాన్ని వాడినవాళ్ళు లేరు. ప్యూన్ల దగ్గర్నుంచి ప్రొఫెసర్ల దాకా అందరికీ ఆవిడ రాళ్ళ మేడమ్. భూగర్భశాస్త్రం చెప్పేది. చేతిసంచీలో కళ్ళజోడు పెట్టె పక్కనే చిన్న సుత్తి ఒకటి ఉండేది. దారిలో కంకర కుప్ప కనబడితే చాలు, ఆటో ఆపించి దిగి ఒక్కో రాయీ తిప్పి చూస్తుంటే ఆటోవాడు తల పట్టుకునేవాడు. తండ్రి క్వారీ లారీ నడిపినవాడు. రాళ్ళ లోడు మీద కూర్చుని బడికెళ్ళిన పిల్లని నేను, కింద కాస్త గట్టిగా తగలకపోతే నాకు తోచదు అని తనే చెప్పి నవ్వేది.

మనిషి మంచిదే. నోరే మంచిది కాదు. ఎదుటివాడు మాట పూర్తి చేసేలోగా తప్పు పట్టేది, పట్టిన తప్పును పదిమందిలో ఎండగట్టేది. ఆ నోటికి భయపడినవాళ్ళే మాస్టార్ల ఎన్నికల్లో ఆవిడకు ఓటేసేవారు. తమ తరఫున అరిచే మనిషి ఒకరుండాలి కదా.

భర్త పోస్టాఫీసులో పనిచేసి, మోకాళ్ళ నొప్పులని ముందే రిటైరై, వంటింటి పెత్తనం తీసుకున్నాడు. వాళ్ళుండే యూనివర్సిటీ క్వార్టర్స్‌లోనే పై వాటాలో మరిది కాపురం. పీహెచ్‌డీ చేసినన్నాళ్ళూ ఆ మరిది ఈవిడ ఇంట్లోనే తిండీ తిన్నాడు, ఈవిడ చేత తిట్లూ తిన్నాడు. తర్వాత పాఠాలు వదిలేసి ఆఫీసు వైపు వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే పైకెక్కి రిజిస్ట్రార్ అయి కూర్చున్నాడు. పొద్దున్నే పాల ప్యాకెట్ల దగ్గర ఇద్దరూ ఎదురుపడితే అదొక సరదా.

"వదినా, మీ మాస్టార్లను కాస్త అదుపులో పెట్టుకో."

"ముందు మీ వీసీకి కాస్త బుద్ధి చెప్పు మరిదీ. చెప్పే దమ్ములుంటే."

ఆ సరదా చెడింది వేసవి సెలవుల్లో.

ఆ యూనివర్సిటీలో అకడమిక్ కౌన్సిల్ అని ఒకటుంది. ఏ శాఖ తెరవాలన్నా, మూయాలన్నా, అక్కడ చెయ్యెత్తి ఒప్పుకోవాలి. అందులో ఎక్కువమంది మాస్టార్లు ఎన్నుకున్న మాస్టార్లే. అధ్యక్షురాలు రాళ్ళ మేడమ్. కొత్తగా వచ్చిన వీసీ ఆ కౌన్సిల్‌ను పిలవకుండా, మాటమాత్రమైనా చెప్పకుండా, సెలవుల్లో రెండు శాఖలకు తాళాలు వేయించాడు. సెలవుల తర్వాత వచ్చిన గ్రంథాలయశాస్త్రం మాస్టారికి తన గది తలుపు మీద పేరు పలక ఊడదీసిన నాలుగు మేకు కన్నాలు కనబడ్డాయి. పాపం, చాలాసేపు తాళంచెవి తిప్పుతూనే ఉన్నాడట, తన తాళంచెవిదే తప్పనుకుని.

రాళ్ళ మేడమ్ నిప్పులు చెరిగింది. పరిపాలన భవనం మెట్ల మీద కూర్చుని, మమ్మల్ని అడగకుండా ఒక్క తలుపు కూడా మూయకూడదు, మూసిన తలుపులు తెరిచేదాకా పరీక్ష పేపర్లు దిద్దం అని ప్రకటించింది. పక్కన కూర్చున్నాయన్ని అందరూ ‘ఎందుకు మాస్టారు’ అనేవారు. ఆయన తత్వశాస్త్రం చెప్పేవాడు. "లోపలికి రావచ్చా సార్" అని పిల్లలు అడిగితే "ఎందుకు?" అనేవాడు. అలా ఆ పేరు వచ్చింది. బొద్దుగా, బొజ్జతో, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండే మనిషి. రాళ్ళ మేడమ్, ఆయన ఒకేరోజు ఉద్యోగంలో చేరారు. ఒకే బెంచీ మీద టీ తాగుతూ ముసలివాళ్ళయ్యారు. మెట్ల మీద ఆవిడ మాట్లాడిన ప్రతి మాటా ముందు ఆయన రాసిచ్చిందే. "నా వాక్యాలకు నీ గొంతు కావాలమ్మా. నేను చదివితే జోల పాటలా ఉంటుంది" అనేవాడు.

అందరూ పెన్నులు కింద పెట్టారు. ఒక్క పిల్ల తప్ప.

ఆ పిల్ల మేడమ్ శాఖలోనే కాంట్రాక్ట్ లెక్చరర్. గాలికి ఎగిరిపోయేలా ఉండేది కాబట్టి అందరూ చీపురుపుల్ల అనేవారు. ఖనిజాల గురించి మేడమ్ కన్నా బాగా చెబుతుందని పిల్లలు చాటుగా అనుకునేవారు, ఆ సంగతి మేడమ్‌కి తెలుసు. చీపురుపుల్ల కాంట్రాక్టు ఏడాదికోసారి పొడిగించాలి. పొడిగించేది రిజిస్ట్రార్ ఆఫీసు. అందుకని ఆ పిల్ల ఒక మధ్యాహ్నం మేడమ్ గదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"మేడమ్, నన్ను ఈ ఒక్కసారికి వదిలేయండి. నేను పేపర్లు దిద్దుతాను. మీకు ఎదురు చెప్పినట్టు కాదు. అమ్మ, నేను ఈ జీతం మీదే ఉన్నాం."

"మేమంతా గాలి మీద ఉన్నామా?"

"మీరంతా పర్మనెంటు మేడమ్."

ఆ జవాబు మేడమ్‌కి ఎక్కడో తగిలింది. సాయంత్రం మెట్ల దగ్గర అందరూ కూడినప్పుడు ఆ పిల్లను చెయ్యిపట్టి ముందుకు లాక్కొచ్చింది. "ఈవిడగారు పేపర్లు దిద్దుతారట. మనమంతా ఎండలో మాడుతుంటే ఈవిడ ఫ్యాను కింద కూర్చుని వీసీకి దండాలు పెడతారట. అమ్మాయ్, ఉద్యోగమే కావాలంటే ఏ దుకాణంలోనో చేరు. చదువు చెప్పడానికి వెన్నెముక ఉండాలి" అంది. అందరూ ఘొల్లున నవ్వారు. ఎందుకు మాస్టారు మాత్రం నమలడం ఆపి మేడమ్ వైపు ఒకసారి చూసి, మళ్ళీ నమలసాగాడు. చీపురుపుల్ల చెవులదాకా ఎర్రబడింది. అక్కడే సంచీలోంచి పేపర్ల కట్ట తీసి మెట్ల మీద పెట్టింది. ఫొటోలు తీసుకునేవాళ్ళు తీసుకున్నారు. ఆ ఫొటోలో ఆ పిల్ల ముఖం స్పష్టంగా వచ్చింది.

కాంట్రాక్టు పొడిగించలేదు. ఎవరూ కారణం చెప్పలేదు. చెప్పనవసరం లేదు కూడా. మేడమ్ మరిదిని పాల ప్యాకెట్ల దగ్గర పట్టుకుంది. అతను ప్యాకెట్టు మూలలు వత్తి చూసుకుంటూ, "అందరిముందూ నిలబెట్టింది నువ్వే కదా వదినా. నేను వెతుక్కోవలసిన పని లేకుండా చేశావు" అన్నాడు.

మేడమ్ భర్త దగ్గర ఆ మాట చెప్పి, "పోరాటమన్నాక ఇలాంటివి ఉంటాయి" అంది. ఆయన కూరగాయలు తరుగుతూ, "ఉంటాయి. పక్కవాళ్ళకి" అన్నాడు. ఆ పూట ఆవిడ అన్నం తినకుండా లేచింది. ఆకలి లేకనని చెప్పింది.

ఇంతలో ఎవరూ అనుకోనిది జరిగింది. వీసీ దిగొచ్చాడు. తనే మెట్ల దగ్గరికి నడిచి వచ్చి, చేతులు జోడించి, మెత్తటి గొంతుతో మాట్లాడాడు. ఆయన కోపంగా ఉండగా ఎవరూ చూడలేదు. "మీరడిగింది న్యాయం. ఇకముందు ఏది తెరిచినా, ఏది మూసినా కౌన్సిల్ నిర్ణయమే. అందులో నేను వేలు పెట్టను. రాసిస్తాను" అన్నాడు. రాసిచ్చాడు. మూసిన రెండు శాఖల తాళాలు తీశారు. మేడమ్ మెడలో ఎవరో దండ వేశారు. ఎందుకు మాస్టారు ఆవిడ చెవిలో, "ఇంత తేలిగ్గా ఎందుకిచ్చాడంటావ్?" అన్నాడు. "నీకు అన్నీ అనుమానాలే. గెలిచాం, నవ్వు" అందావిడ.

తర్వాతి కౌన్సిల్ సమావేశం కొత్త భవనంలో పెట్టారు. పొడుగాటి బల్ల, మెత్తటి కుర్చీలు, చలి పుట్టించే ఏసీ. ఒక్కొక్కరి ముందూ మంచి బిస్కెట్లు, వేడి టీ. వీసీ లేచి అదే మెత్తటి గొంతుతో, ప్రభుత్వం గ్రాంటు కోసిందనీ, చిన్న శాఖల్లో ఒకటి తీసేయక తప్పదనీ చెప్పాడు.

"ఏది తీసేయాలో నేను చెప్పను. చెబితే మీ హక్కు లాక్కున్నట్టే. ఈ గదిలోంచి ఒక పేరు బయటికొస్తే చాలు. రాకపోతే మాత్రం చిన్న శాఖలన్నీ పోతాయి, అది నా చేతిలో లేదు. టీ ఇంకా కావాలంటే అడగండి." అని చెప్పి, తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు. రాసుకోవడానికి రిజిస్ట్రార్‌ను ఉంచి వెళ్ళాడు.

మేడమ్ లేచి, "ఇది వల. మనం ఏ పేరూ చెప్పకూడదు. ఒక్కమాట మీద ఉందాం" అంది. అందరూ తలలూపారు. ఊపుతూనే పక్కవాడి ముఖం చూసుకున్నారు. ఎవరో బిస్కెట్టు కొరికిన చప్పుడు గదంతా వినబడింది.

ముందు నోరు విప్పింది గ్రంథాలయశాస్త్రం మాస్టారే. మేకు కన్నాలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్న మనిషి. "నేను ఎవరినీ అనడం లేదు. కాకపోతే, కొన్ని శాఖల్లో పిల్లలే లేరు కదా. మా దగ్గర కనీసం ఉద్యోగాలొస్తాయి" అన్నాడు. ఇక ఆగలేదు. గణితం వాళ్ళు సంగీతాన్ని, సంగీతం వాళ్ళు గణాంకశాస్త్రాన్ని తిట్టారు. నిన్నటిదాకా మెట్ల మీద ఒకే గొడుగు కింద కూర్చున్నవాళ్ళు ఒకరి క్లాసులో ఎంతమంది నిద్రపోతారో ఇంకొకరు చెప్పారు. ఫలానా ఆయన పాత నోట్సే చదువుతాడనీ, ఫలానా ఆవిడ క్లాసుకే రాదనీ బయటపెట్టారు. రిజిస్ట్రార్ తల వంచుకుని అన్నీ రాసుకుంటూ పోయాడు. ఒకచోట మాత్రం తలెత్తి, "కాస్త మెల్లగా చెప్పండి, అందడం లేదు" అన్నాడు.

మధ్యాహ్నానికి రెండు పేర్లు మిగిలాయి. భూగర్భశాస్త్రం, తత్వశాస్త్రం. చేతులెత్తమన్నారు. రెండు వైపులా సమానంగా లేచాయి. నిబంధన ప్రకారం చివరి ఓటు అధ్యక్షురాలిది.

మేడమ్ బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. ఓటు వేయను అనవచ్చు. అప్పుడు చిన్న శాఖలన్నీ పోతాయని వీసీ చెప్పాడు. నిజమో కాదో తెలియదు. తన శాఖనే తను మూసుకోవచ్చు. అప్పుడు తన గది, చెక్క బీరువాల నిండా రాళ్ళ నమూనాలు, వాటిని పోగుచేసిన జీవితం, అన్నీ పోతాయి. ఆవిడ తత్వశాస్త్రం మాస్టారి వైపు చూడలేదు. చూస్తే చేయలేనని తెలుసు. "తత్వశాస్త్రం ఎక్కడైనా చదువుకోవచ్చు. మాకు ల్యాబు ఉంది, సామాను ఉంది" అని ఎవరికో చెబుతున్నట్టు గోడకు చెప్పింది. చెయ్యి సగం లేపింది.

బల్ల ఆ చివర్నుంచి ఎందుకు మాస్టారి గొంతు వినబడింది. ఎప్పటిలాగే నెమ్మదిగా, సరదాగా.

"కాస్త పైకెత్తమ్మా. మీ మరిదికి కనబడినట్టు లేదు."

ఆవిడ పైకెత్తింది. మరిది రాసుకున్నాడు. ఎందుకు మాస్టారు తన ముందున్న ప్లేట్లో మిగిలిన బిస్కెట్లను రుమాలులో కట్టుకుని, జేబులో పెట్టుకుని, కుర్చీ చప్పుడు కాకుండా లోపలికి నెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత టీ బెంచీ దగ్గరికి ఆయన రాలేదు. మిగులు ఉద్యోగి అని పేరు పెట్టి ఆయన్ని పరీక్షల విభాగంలో వేశారు. మేడమ్ ఒకసారి ఆయన ఇంటికి వెళ్ళింది. ఆయనే తలుపు తీసి, "ఎందుకు?" అన్నాడు. ఈసారి అందులో హాస్యమేమీ లేదు. ఆవిడ చెప్పుల వైపు చూసుకుంటూ నిలబడితే మర్యాదగా తలుపు వేసుకున్నాడు.

ఏడాది తిరిగేసరికి గ్రాంటు మళ్ళీ కోశారు. ఈసారి వీసీ రాలేదు, బిస్కెట్లూ రాలేదు. భూగర్భశాస్త్రం మూసేయాలని ఆఫీసే ప్రతిపాదన పంపింది. మేడమ్ పై వాటాకు పరుగెత్తింది.

"కౌన్సిల్ నిర్ణయిస్తుందన్నారు కదా! రాసిచ్చారు కదా!"

మరిది చెప్పుల మీద నీళ్ళు చల్లి తుడుచుకుంటున్నాడు. "కౌన్సిల్లోనే పెడతాం వదినా. కాకపోతే గొడవెందుకని చెబుతున్నా. శాఖలు మూయడం కౌన్సిల్ పనేనని, నీ కుర్చీలో కూర్చుని, నీ చెయ్యెత్తి నువ్వే ఒప్పుకున్నావు. ఇక మిగిలింది ఏది ముందు, ఏది వెనక అన్నదే."

"నేను నీకు వదినని."

"ఇంట్లో. అందుకే ఇంట్లో చెబుతున్నా."

ఆవిడ గది గదికీ తిరిగింది. మెట్ల మీద కూర్చుందాం రండి అని పిలిచింది. ఒకాయన నీళ్ళు నమిలాడు. ఒకావిడ పిల్లకు జ్వరమంది. సంగీతం మేడమ్ మాత్రం ముఖం మీదే చెప్పింది. "కిందటేడు మీకోసం చెయ్యెత్తి ఒక మంచి మనిషిని పంపేశాను. నాకు ఆ రుచి చాలు. ఈసారి మీ వంతు అనుకోండి." సమావేశంలో మేడమే అధ్యక్షురాలు కాబట్టి తీర్మానం ఆవిడే చదవాలి. చదివింది. తన శాఖ పేరు దగ్గర ఆగితే ఎవరో నీళ్ళ గ్లాసు ముందుకు జరిపారు. చేతులన్నీ ఒక్కసారే లేచాయి, త్వరగా భోజనానికి వెళ్ళాలన్నట్టు.

బీరువాలు ఖాళీ చేయడానికి గడువు ఇస్తామన్నారు. కానీ ఆవిడకు జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నప్పుడు గది ఖాళీ అయిపోయింది. లేచి వెళ్ళి చూస్తే ఖాళీ అరలు, నేల మీద మట్టి, చెక్కముక్కలు. అడిగితే వెనక కార్లు నిలిపే చోటు కడుతున్నారు, అక్కడ చూడండి అన్నారు. అక్కడ గుంత పూడుస్తున్నారు. సిమెంటు వేయని మూలలో ఒక రాయి కనబడింది. దాని మీద తెల్ల పెయింటు చుక్క, చుక్క మీద ఆవిడ చేత్తో నల్ల సిరాతో వేసిన నంబరు. ఆవిడ సుత్తి తీసి తవ్వబోతే మేస్త్రీ వచ్చి ఆపాడు. "అమ్మా, ఇప్పుడే చదును చేశాం. రాళ్ళే కదా, ఇంకోచోట దొరకవా? నిజం చెప్పాలంటే ఎక్కడివో కానీ భలే గట్టి రాళ్ళు. పునాదికి బాగా పనికొచ్చాయి" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు.

ఆవిడ అక్కణ్ణుంచి ఇంటికి వెళ్ళలేదు. చీపురుపుల్ల ఎక్కడుందో కనుక్కుంది. ఊరి చివర గ్రానైటు పలకలు అమ్మే పెద్ద షాపులో ఉంది. నిలువుగా పేర్చిన పలకల మధ్య ఆ పిల్ల ఒక జంటకు వంటింటి గట్టు కోసం నల్ల రాయి చూపిస్తోంది. కాస్త ఒళ్ళు చేసింది. వాళ్ళు వెళ్ళేదాకా మేడమ్ నిలబడింది.

"చెప్పండి మేడమ్, గట్టుకా, మెట్లకా?"

"నిన్ను చూద్దామని వచ్చాను."

"చూశారుగా. దుకాణంలో చేరమన్నారు, చేరాను."

మేడమ్ పలక మీద చెయ్యి వేసి, "దీన్ని గ్రానైటని ఎలా అమ్ముతున్నావ్? ఇది గాబ్రో అనే వేరే రాయి కదా" అంది.

"గాబ్రో అంటే ఎవరూ కొనరు మేడమ్. చేతికి తడి ఉంది, మరక పడుతుంది, తీసేయండి" అని గుడ్డతో ఆ వేలిముద్రలు తుడిచింది. ఎక్కడైనా ఉద్యోగం చూస్తానని, పెద్దవాళ్ళతో మాట్లాడతానని మేడమ్ అంది. ఆ పిల్ల నవ్వలేదు, కోప్పడలేదు. "మీ మాట మీద ఒకసారి నిలబడ్డాను మేడమ్. మా అమ్మ మందులు ఆగిపోయాయి. తర్వాత అమ్మ కూడా పోయింది. మీ పోరాటం వల్లే అని నేననను, వయసు కూడా ఉందిగా. ఇంకెవరికైనా చూడండి." అని అప్పుడే వచ్చిన ఇంకో బేరం వైపు నడిచింది.

మేడమ్‌నూ మిగులు ఉద్యోగి అన్నారు. పరీక్షల విభాగంలో వేశారు. కిటికీ లేని పొడుగు గది, గోడల పొడుగునా గుడ్డ సంచుల్లో జవాబు పత్రాలు, దుమ్ము. పిల్లల పేరున్న ముక్క చింపి, మిగిలినదాని మీద నంబరు ముద్ర కొట్టడం పని. గదికి ఇన్‌చార్జి ఎందుకు మాస్టారు. ఆయన లేచి నిలబడి, "రండి చైర్మన్ గారూ" అని కుర్చీ చూపించాడు. ముద్ర ఎలా పట్టుకోవాలో, సిరా ఎక్కువైతే ఏం చేయాలో ఓపికగా నేర్పాడు. తను తెచ్చుకున్న వేరుశనగ పలుకులు ఆవిడ వైపు కూడా జరిపేవాడు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు, పాత సంగతి ఎత్తలేదు. రోజంతా చైర్మన్ గారూ, చైర్మన్ గారూ అనేవాడు. ఆ పిలుపుకు ఆవిడ భుజాలు ప్రతిసారీ ముడుచుకునేవి. ఒకప్పుడు మెట్ల మీద గర్జించిన మనిషి, సిరా డబ్బా అందుకోవాలన్నా అడిగి అందుకునేది.

రిటైరవడానికి ఇంకా ఏళ్ళున్నాయి. ముందే మానేస్తానంటే భర్త, "మానేసి ఇంట్లో ఎవరి మీద అరుస్తావు?" అన్నాడు. అందుకని రోజూ వెళ్ళేది.

ఒకరోజు భోజనం వేళ గదిలో ఇద్దరే ఉన్నారు. ఆవిడ ముద్ర కింద పెట్టి, సిరా అంటిన వేళ్ళు చూసుకుంటూ అడిగింది.

"నన్ను ఎప్పటికైనా క్షమిస్తారా మాస్టారూ?"

ఆయన నమలడం ఆపి నిజంగానే ఆలోచించాడు. తర్వాత చాలా మెత్తగా, "అది కౌన్సిల్లో పెట్టాల్సిన విషయం కదమ్మా. నేనొక్కణ్ణే ఎలా తేలుస్తాను?" అన్నాడు.

ఆయన నవ్వుతాడేమోనని ఆవిడ చూస్తూ కూర్చుంది. ఆయన చేతులు దులుపుకుని, పక్కనున్న సంచీ మూతి విప్పి, ఒక కట్ట తన ముందు పెట్టుకుని, ఇంకోటి ఆవిడ ముందుకు తోశాడు.